కాంటా మీద కొంగ

ఆ చలికాలం మా ఇంట్లో కాంటా ఎక్కని వస్తువు లేదు. సైకిల్ చెయిన్ ఎక్కింది, అల్యూమినియం గొట్టాలు ఎక్కాయి, జిగురు డబ్బా ఎక్కింది, నా చెప్పులు కూడా ఎక్కాయి. మా అమ్మ శంకరమ్మ ఒకరోజు ఉప్పు డబ్బా కోసం ఇల్లంతా వెతికి, చివరికి దాన్ని కాంటా మీద చూసి, "గిది గూడ ఎగురుతదారా?" అని అడిగింది. పక్కన పెట్టిన నట్లు, బోల్టులతో పోల్చి చూద్దామని నేనే పెట్టి మరిచిపోయాను.

అది చేపల సంఘం కాంటా. చేపల ట్రేలు తూచే ఎలక్ట్రానిక్ పలక. మా నాయిన లింగస్వామి నలభై ఏళ్లుగా శామీర్‌పేట చెరువులో వల వేస్తున్నాడు. సంఘానికి అధ్యక్షులు మారారు గానీ కాంటా మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. కారణం ఒక్కటే. అంకె యాభై గ్రాములు అటూ ఇటూ ఆడుతుంటే నాయిన ఎప్పుడూ అవతలి మనిషికి లాభమయ్యేట్టే చదువుతాడు. అందుకు అమ్మతో తిట్లు తింటాడు, అయినా మారడు.

ఇక నా సంగతి. పేరు జైపాల్, వయసు నలభై ఒకటి, దూలపల్లిలో షట్టర్లూ గ్రిల్సూ చేసే షెడ్డులో ఫిట్టర్ని. ఆ ఏడు దసరా వెళ్లిన వారానికి నాకు పిచ్చి పట్టిందని వాడకట్టంతా అనుకున్నారు. నేను విమానం చేస్తున్నాను మరి. ఇంజన్ లేని విమానం. లోపల కూర్చున్న మనిషి సైకిల్ తొక్కినట్టు తొక్కితే ముందున్న పంకా తిరగాలి, రెక్కలు గాలిని పట్టాలి. నగరంలోని ఒక క్లబ్బు వాళ్లు ఫిబ్రవరిలో మా చెరువు మీదే పోటీ పెడతామని ప్రకటించారు. కట్ట మీద పదహారడుగుల ఎత్తున వెడల్పాటి మంచె కడతారు. ఎవరి చేతులతో వాళ్లు చేసుకున్న విమానాలెక్కి ఆ మంచె మీదినుంచి చెరువు మీదికి ఎగరాలి. నీళ్లు తగిలేలోపు ఎవరు ఎక్కువ దూరం పోతే వాళ్లు గెలిచినట్టు.

నీకెందుకు ఇదంతా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. హకీంపేటలో లేచిన విమానాలు రోజూ మా చెరువు మీదుగా తిరిగి వెళ్తాయి. ఊహ తెలిసినప్పటినుంచీ తలెత్తి చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి, ఒక్క నిమిషం నేను కూడా పైనుంచి చెరువును చూడాలి. అంతే. అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన, షట్టర్‌కు గ్రీజు రాస్తున్నా అదే ఆలోచన.

అశ్రిత దొరకడం నా అదృష్టం. కొంపల్లిలో వాళ్ల ఫ్లాటు బాల్కనీకి గ్రిల్ బిగించడానికి వెళ్లి, గదిలో వేలాడుతున్న బొమ్మ విమానాల దగ్గర ఆగిపోయాను. ఆ అమ్మాయి చదివింది విమానాల చదువు, చేస్తున్నది కంప్యూటర్ ఉద్యోగం. పోటీ సంగతి చెప్పగానే నా గ్రిల్ గురించి పూర్తిగా మరిచిపోయింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం లాప్‌టాప్ వేసుకుని స్కూటీ మీద మా ఇంటికి వచ్చేది. ఆమె గీస్తే నేను కోసేవాణ్ణి. థర్మాకోల్ పలకల్ని వేడి తీగతో కోసి రెక్కకు పక్కటెముకలు చేశాం. వాటిమీద పలచటి ప్లాస్టిక్ పొర పరిచి ఇస్త్రీపెట్టెతో బిగించాం. ఈ కొస నుంచి ఆ కొసకు డెబ్భై అడుగులు. మొదటిసారి జోడించి నిలబెట్టినప్పుడు అమ్మ చూసి "కొంగ లెక్కున్నది" అంది. ఆ పేరే ఖాయమైంది.

మొదటి ఆదివారమే అశ్రిత అడిగింది.

"అన్నా, ఎగిరే మనిషి బరువెంత?"

"అరవై," అన్నాను.

అసలు సంగతి డెబ్భై ఒకటి, అంతకు ముందే దవాఖానలో చూశారు. కాంటా ఇంట్లోనే ఉంది, ఎక్కితే తేలిపోతుంది. అందుకే ఎక్కలేదు. ఫిబ్రవరి నాటికి ఎలాగూ తగ్గుతాను కదా, ముందే చెబితే తప్పేంటి అనుకున్నాను. పాపం ఆ పిల్ల ఆ ఒక్క అంకె మీద మిగతా లెక్కలన్నీ కట్టుకుంటూ పోయింది.

ఆ రోజునుంచి నాకు జొన్న అంబలే గతి. చేపలవాళ్ల ఇంట్లో పుట్టి చేపల పులుసు వద్దన్నాను. అమ్మ నా ముందు గిన్నె పెట్టి, నేను పక్కకు జరిపితే, "నీకేమన్న అయ్యిందారా? దవాఖానకు పోదామా?" అని రోజూ పరేషాన్ అయ్యేది. నా భార్య రోజారాణి మాత్రం ఆ గిన్నె తన ముందుకు జరుపుకుని తృప్తిగా తినేది. ఆమె ఎంత తిన్నా ఒంటికి పట్టదు. మేడ్చల్ దారిలో మాత్రల డబ్బాలు కట్టే కంపెనీలో ఆమెకు పని. పోను తొమ్మిది కిలోమీటర్లు, రాను తొమ్మిది. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక కూడా ఆమె సైకిల్ మానలేదు. "బస్సు ఫిరీనే, గని షిఫ్టు టైముకు రావద్దా?" అనేది.

డిసెంబర్‌లో కొంగ తయారైంది. ఎగరేసి చూడటానికి పొడుగాటి నున్నటి రోడ్డు కావాలి. మేడ్చల్ వైపు ప్లాట్లు అమ్మే హేమచంద్ సార్ వెంచర్ ఉంది. ఒకప్పుడు వాళ్ల తాతలు మక్క వేసిన భూమే. ఇప్పుడు వంద అడుగుల తారు రోడ్లు, దీపస్తంభాలు, పూల మొక్కలు అన్నీ ఉన్నాయి, ఒక్క ఇల్లు తప్ప. ఆ గేట్లన్నీ చేసింది మా షెడ్డే కాబట్టి నేను అడగ్గానే ఒప్పుకున్నాడు. సగం కట్టి వదిలేసిన క్లబ్‌హౌస్‌లో కొంగను పెట్టుకోనిచ్చాడు కూడా. తెల్లారి చూడ్డానికి వచ్చి, రెక్కల పొడుగు చూసి ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది.

"జైపాల్, గీ రెక్క మీద మన వెంచర్ ఫ్లెక్సీ ఒకటి కట్టు. మస్తు గనిపిస్తది."

"ఫ్లెక్సీ రెండు కిలోలుంటది సార్."

"రెండు కిలోలకేమైతది?"

"ఎగురది సార్."

ఆయన మొహం చిన్నబోయింది గానీ మంచివాడు, మళ్లీ అడగలేదు. అమ్మతో మాత్రం అంత తేలిగ్గా కాలేదు. కొత్త బండికి కట్టినట్టే పంకా కింద నిమ్మకాయలు, మిరపకాయలు దండ గుచ్చి కట్టేసింది. నేను కత్తెర తీసుకుని ఆమె కళ్లముందే కత్తిరించాను.

"నూట పది గ్రాములే అమ్మా!"

"దిష్టి తీసేదానికి గూడ తూకమేందిరా?" అంటూ ఆ దండ కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అందరూ తెచ్చే గ్రాములు నా కంటికి అంత స్పష్టంగా కనబడేవి.

తెల్లవారుజామున గాలి కదలకుండా ఉన్నప్పుడు పరీక్ష మొదలుపెట్టాం. అశ్రిత కుడి రెక్క కొస, నాయిన ఎడమ రెక్క కొస పట్టుకుని పరిగెత్తాలి. అశ్రిత ముందే చెప్పింది. "రెక్క కొస దానంతటది పైకి లేస్తుంది. లేవగానే చెయ్యి తీసెయ్యాలి. పట్టుకునే ఉంటే అటువైపు ఒరిగిపోతుంది."

నేను సీట్లో కూర్చుని ప్రాణం పెట్టి తొక్కాను. పంకా గిర్రున తిరిగింది. కొంగ తారు రోడ్డు మీద ఉరికింది, ఉరుకుతూనే ఉంది, చివరికి పూల మొక్కల దగ్గర ఆగింది. చక్రం నేలను వదలలేదు. రెండోసారీ అంతే. మూడోసారి ఒక గుంతకు ఎగిరిపడింది. దాన్ని ఎగరడమనడానికి నాకే నోరు రాలేదు. నాయిన ఒగరుస్తూ రోడ్డు మీద కూలబడి మీసం దువ్వుకున్నాడు. తెల్లగా, గుబురుగా ఉండే ఆ మీసమంటే ఆయనకు మహా ఇష్టం.

"అరే జైపాలూ, గీ కొంగ గనక చెరువుల నక్కబండ దాటితే నేను మీసం తీసేస్త, సూడు."

నక్కబండ అంటే చెరువు మధ్యలో నీళ్లపైకి వీపు తేలి ఉండే రాయి. కట్ట మీంచి మూడు వందల మీటర్ల పైనే ఉంటుంది. మా చేపలవాళ్లకు అదే గుర్తు. ఆయన నవ్వుతూ అన్నా నాకు ఒళ్లు మండింది.

వారం రోజులు నేను చెయిన్‌ను తిట్టాను, పంకాను తిట్టాను, ప్లాస్టిక్ పొరను తిట్టాను. అశ్రిత రాత్రింబవళ్లు లెక్కలు తిరగేసింది. "లెక్క ప్రకారం లేవాలి అన్నా. ఎక్కడ తప్పు చేశానో తెలియట్లేదు," అని ఆ పిల్ల తనను తాను నిందించుకుంటుంటే నేను వింటూ ఊరుకున్నాను. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాతి ఆదివారం నాయిన వలకు పోయాడు. అశ్రిత, నేను ఇద్దరమే ఉన్నాం. ఆరున్నరకు రోజారాణి సైకిల్ మీద వచ్చింది. ఆదివారం కూడా ఆమెకు షిఫ్టు ఉంది. దారిలో నాకు టిఫిన్ ఇచ్చి పోదామని ఆగింది. చెయిన్ ఎక్కడ బిగుస్తోందో బయటినుంచి చూడాలని నా ఆలోచన.

"రోజా, జెరసేపు కూసొని తొక్కు. నేను పక్క పొంటి ఉరుకుకుంట చూస్త."

"నాకు షిఫ్టు టైమైతాంది."

"రెండు నిమిషాలే."

ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని కూర్చుంది. పెడళ్లు నా కాళ్ల పొడుగుకు బిగించినవి, ఆమెకు వేలికొసలే అందాయి. నేను ఎడమ రెక్క కొస పట్టుకున్నాను, అశ్రిత కుడివైపు. ఆమె తొక్కింది. నేను చెయిన్ వైపే చూస్తూ పరిగెడుతున్నాను. ఇరవై అడుగులు వేశానో లేదో, నా చేతిలోని రెక్క కొస మెల్లగా పైకి లేచి వేళ్లలోంచి జారిపోయింది. నేను ఆగిపోయాను. కొంగ ఆగలేదు. అటు వెళ్లి, కాసేపటికి కుదుపుతో నేల తాకి, పూల మొక్కలకు ఇవతలే నిలబడింది.

ఆ పొద్దు మంచు బాగా కురిసింది. తారు రోడ్డంతా తడిగా, తెల్లగా ఉంది. దాని మీద చక్రం గీసిన నల్లటి గీత కొంత దూరం వెళ్లి తెగిపోయింది. మళ్లీ మొదలైంది. ఆ మధ్యలో మంచు ఎక్కడా చెదరలేదు. నేను అడుగులతో కొలిచాను. ముప్పై ఎనిమిది.

రోజారాణి దిగి, కుచ్చిళ్లు సరిచేసుకుని, "చెయిన్ మంచిగనే ఉందా?" అని అడిగింది.

"ఉంది," అన్నాను.

"అయితే నేను పోతున్న." సైకిల్ ఎక్కి వెళ్లిపోయింది. గేటు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. నా వైపు కాదు, కొంగ వైపు.

అశ్రిత ఆ గీత దగ్గరే నిలబడి ఉంది. "అన్నా, మీరు నిజంగా అరవయ్యేనా?"

"అరవై... అటో ఇటో."

"ఎటు?"

నేను చెప్పు కొసతో తారు మీది మంచు గీకాను. ఆమె కోప్పడితే బాగుండేదనిపించింది. "బండి మీది, ఇష్టం మీది," అంది చివరికి. "ఫారంలో పేరు పంపడానికి జనవరి పది ఆఖరు. అంతలోపు చెప్పండి."

ఆ రాత్రి తిండి మానేసి, తెల్లారి మొదటిసారి కాంటా ఎక్కాను. అరవై ఎనిమిది. రెండు నెలల అంబలికి పోయింది మూడు కిలోలు. అదే కాంటా మీద ఎప్పుడో చేపల ట్రేలు దించే వేళ నవ్వులాటకు రోజారాణి ఎక్కినప్పుడు నలభై ఏడు చూపించింది. ఆ అంకె నాకు ఎంత గుర్తుందో ఆ రోజే తెలిసింది.

తర్వాత మూడు వారాలు నేను మనిషిలా లేను. ఇంకా తగ్గాలని అంబలి కూడా సగం చేశాను. షెడ్డులో కళ్లు తిరిగి ఒక షట్టర్‌కు తప్పు చోట రంధ్రం వేశాను. రోజారాణి తొక్కితే కొంగ లేచిన సంగతి విని అమ్మ, "కోడల్ని ఎక్కియ్యకు. దానికి ఈత రాదు. నీళ్లల్ల పడితే ఎవరు జవాబు చెప్పాలె?" అంది. నిజమే, రోజారాణిది గజ్వేల్ అవతల బావుల ఊరు, చెరువంటేనే భయం. అమ్మ మాట నాకు మంచి సాకు అయింది. నేనే ఎక్కాలని నాకు లేదు, ఏం చేస్తాం, అమ్మ ఒప్పుకోవట్లేదు అని నాలో నేనే చెప్పుకునేవాణ్ణి.

రోజారాణి ఒక్కసారి కూడా అడగలేదు. ఉండబట్టలేక నేనే కదిపాను.

"ఆ పొద్దు కొంగ లేసింది కదా. నీకేమనిపించింది?"

"ఏమనిపిస్తది? నువ్వు తొక్కుమంటె తొక్కిన."

"నీకు ఎక్కాలని ఉందా?"

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. "నీ కొంగ. నువ్వే ఎక్కు. గంత కష్టపడి చేసినవ్."

ఆ మాటతో నా మనసు కుదుటపడాలి కదా, పడలేదు. జనవరి మొదటి వారంలో నాయిన తెప్ప దిగి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ అన్నాడు. "కోడలేందిరా, కట్ట మీద సైకిల్ గట్ల తొక్కుతాంది? ఈ కొస కెల్లి ఆ కొసకు, మల్ల ఎన్కకు. మొగులు మీదికి చూసుకుంట పోతాంది. ఎవనికన్న గుద్దుతది, జెర చెప్పు."

మర్నాడు ఆమె సైకిల్ పంక్చరైంది. ఆమె బస్సుకు వెళ్లింది. నేను ట్యూబు తీయడానికి సైకిల్‌ను తలకిందులుగా పెట్టబోయి ఆగాను. సీటు రెండంగుళాలు పైకి లేచి ఉంది. పాత గుర్తు దగ్గర తుప్పు గీత, దాని కింద కొత్తగా మెరుస్తున్న ఇనుము. బోల్టు మూలలు అరిగి ఉన్నాయి, సరైన రెంచి దొరక్క పట్టుకారుతో తిప్పినట్టుంది. ఆ ఎత్తులో కూర్చుంటే ఆమెకు పెడల్ వేలికొసలకే అందుతుంది. కొంగలో అందినట్టు. నా కాళ్లకు కొలిచి చేసిన బండికి తన కాళ్లను అలవాటు చేసుకుంటోంది. ఎక్కిస్తానని ఎవరూ చెప్పలేదు. అయినా చేసుకుంటోంది.

పంక్చర్ వేశాను. సైకిల్ సీటును పాత గుర్తుకు దించి, సరైన రెంచితో బిగించాను. తర్వాత నా మోటార్‌సైకిల్ తీసుకుని వెంచర్‌కు వెళ్లి, కొంగ సీటును మూడంగుళాలు ముందుకు జరిపాను. జరపడమంటే ఊరికే కాదు, రెండు గొట్టాలు కోసి మళ్లీ కలపాలి. మధ్యాహ్నమంతా పట్టింది. పని అయ్యాక ఆ సీట్లో కూర్చుని చూశాను. మోకాళ్లు పంకా కడ్డీకి తగిలాయి. ఇక నేను అందులో పట్టను.

అక్కడినుంచే అశ్రితకు ఫోన్ చేశాను. "ఫారంల పేరు రాయమ్మా. రోజారాణి. బరువు నలభై ఏడు." కాసేపాగి, "ఇది కాంటా మీద చూసిన బరువే," అన్నాను. అవతల ఆ పిల్ల "థాంక్యూ అన్నా," అంది.

సాయంత్రం రోజారాణి సైకిల్ ఎక్కి పది గజాలు పోయి ఆగింది. కిందికి వంగి సీటు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"కొంగది ముందుకు జరిపిన," అన్నాను.

ఆమె సైకిల్ దిగి స్టాండ్ వేసింది. "ఈత రాదు నాకు," అంది.

గడప మీద వల అల్లుతున్న నాయిన అందుకున్నాడు. "గాడ నేనుంట బిడ్డా. నక్కబండ కాడ తెప్ప మీద కూసుంట. నువ్వు మీద చూసుకుంట పో, కింద సంగతి నాది."

పోటీ రోజు శామీర్‌పేట కట్ట కిటకిటలాడింది. పదకొండు విమానాలు వచ్చాయి. కాలేజీ పిల్లలు చేసినవే ఎక్కువ. సంఘం వాళ్లంతా లైఫ్ జాకెట్లు వేసుకుని థర్మాకోల్ తెప్పల మీద నీళ్లలో వరుసగా ఉన్నారు, అందరికంటే దూరంగా బండ పక్కన నాయిన. మా కంటే ముందు వెళ్లినవాటిలో మూడు మంచె కిందే పడ్డాయి. ఒకటి ముక్కు కిందికి పెట్టి రాయిలా దిగింది. జనం కేకలు వేస్తుంటే నేను కొంగ బోల్టులు మళ్లీ ఒక్కొక్కటీ బిగించి చూసుకున్నాను.

మా వంతుకు ముందు అమ్మ వచ్చింది. మళ్లీ నిమ్మకాయలు తెచ్చిందేమోనని భయపడ్డాను. అమ్మ రోజారాణిని గుడారం వెనక్కి పిలిచి, మెడలోంచి పుస్తెలతాడు తీయించి తన కొంగున మూట కట్టుకుంది. దాని బదులు పసుపుకొమ్ము కట్టిన దారం మెడలో వేసింది. మెట్టెలు కూడా తీయించింది.

"ముప్పై గ్రాములు తగ్గిచ్చిన," అంది నాతో. "నూట పదికి ఇంకా ఎనభై బాకీ ఉన్న." నవ్వబోయి, కళ్లు తుడుచుకుని కట్ట దిగి వెళ్లిపోయింది.

మంచె ఎక్కాక రోజారాణి ముఖం పాలిపోయింది. పైజామా, చొక్కా మీద లైఫ్ జాకెట్ వేసుకుని సీట్లో కూర్చుంటే చిన్నపిల్లలా ఉంది. కింద నీళ్లు నల్లగా, దూరంగా కనిపించాయి. అశ్రిత కుడి కొస, నేను ఎడమ కొస. జెండా ఊపారు. ఆమె తొక్కింది. మేం పరిగెత్తాం. నాలుగో అడుగుకే నా చేతిలో రెక్క తేలికైంది, పైకి లాగింది. వదలాలి. తెలుసు. కానీ ముందు మంచె అంచు, దాని అవతల నీళ్లు, ఆమెకు ఈత రాదు. ఇంకో అడుగు పట్టుకున్నాను. ఇంకో అడుగు కూడా. ఆ తర్వాత వదిలాను.

కొంగ ఎడమవైపుకు ఒరిగి మంచె కిందికి జారింది. కట్టంతా ఒక్కసారి అరిచింది. నీళ్లకు మనిషెత్తు పైన రెక్క మెల్లగా సరి అయింది. పంకా చప్పుడు వినబడుతూనే ఉంది. కొంగ నీళ్లమీద తన నీడను వెంటేసుకుని పోయింది, తెప్పల వరుస దాటింది, ఇంకా పోతోంది. ఎండ ప్లాస్టిక్ పొరలోంచి దూరి పక్కటెముకలన్నీ కనబడుతున్నాయి. నేను చేసినవి, ఒక్కోటి నా చేత్తో కోసినవి. నేను ఏడుస్తున్నానని అశ్రిత నా భుజం పట్టుకుంటే గానీ తెలియలేదు.

యాభై సెకన్లు. బండకు కాస్త ఇవతల చక్రం నీళ్లను తాకింది. నాయిన తెప్ప తోసుకుంటూ వెళ్లి కోడల్ని పైకి లాగడం దూరంనుంచి చూశాం. మైకులో చెప్పారు: రెండు వందల తొంభై ఆరు మీటర్లు. నక్కబండ మూడు వందల పది. ఆ రోజు మాది రెండో స్థానం. కాలేజీ పిల్లల జట్టు ఒకటి మా కంటే బాగా ఎక్కువ దూరం పోయింది, వాళ్లకు దక్కాల్సిందే దక్కింది. మా తెప్పలవాళ్లు మాత్రం బహుమతి గురించి కాదు, పద్నాలుగు మీటర్ల గురించే మాట్లాడుకున్నారు. గాలి తిరిగిందని ఒకరు, ఆడమనిషికి దమ్ము చాల్లేదని ఇంకొకరు. రోజారాణి తల తుడుచుకుంటూ ఆ మాటలన్నీ విని ఊరుకుంది.

మధ్యాహ్నం ఇంట్లో అందరం భోజనానికి కూర్చున్నాం, అశ్రిత కూడా. నాలుగు నెలల తర్వాత అమ్మ నా పళ్లెంలో రవ్వ చేప ముక్క వేసింది. నేను తినకుండా రోజారాణిని అడిగాను, మెల్లగా.

"పైనుంచి చెరువు ఎట్ల గనిపించింది?"

"మస్తు పెద్దగ." ఆమె చేపలోంచి ఒక ముల్లు తీసి పక్కన పెట్టింది. తర్వాత నాకొక్కడికే వినబడేలా అంది. "ఒకటి చెప్త, కోపం తెచ్చుకోకు. నువ్వు జెర ముందుగాల ఇడిస్తె బండ దాటుతుంటి."

నిష్ఠూరం కాదు అది. పులుసులో ఉప్పు కాస్త తగ్గిందని చెప్పినట్టు చెప్పింది. కట్ట మీద అంతమంది దమ్ము లేదంటుంటే చెప్పని మాట అది. నీళ్లు తాగి, పళ్లెం పక్కకు జరిపాను.

"నాయినా," అన్నాను గట్టిగా. అందరూ చూశారు. "రోజాకు దమ్ము చాలక కాదు, గాలి తిరిగి కాదు. రెక్క లేసినంక గూడ నేనే రెండడుగులు పట్టుకున్న. అందుకే ఒరిగింది. మొదలు నుంచి గూడ, నా బరువు అరవై అని అశ్రితకు అబద్ధం చెప్పిన. డెబ్భై ఒకటి ఉంటి."

అశ్రిత పళ్లెంలోకి చూస్తూ నవ్వు ఆపుకుంది. అమ్మ నా పళ్లెం మళ్లీ నా ముందుకు జరిపి, "తిను," అంది. నాయిన ముద్ద పూర్తి చేసి, చెయ్యి కడుక్కుని, పెరట్లోకి వెళ్లాడు.

తెల్లారి చేపలు కొనేవాళ్లు వాకిట్లోకి వచ్చేసరికి నాయిన కాంటా ముందు కూర్చుని ఉన్నాడు. మొదట ఎవరూ గుర్తుపట్టలేదు. పై పెదవి బోసిగా, లేత రంగులో, ఎవరిదో కొత్త మొహంలా ఉంది. డ్యూటీకి సైకిల్ తీసిన రోజారాణి ఆయన్ని చూసి, స్టాండ్ వేయడం మరిచిపోయి సైకిల్ కింద పడేసింది.

"బండ దాటలే కద మామా! పద్నాలుగు మీటర్లు తక్కువున్నది," అంది.

నాయిన కాంటా మీద ట్రే పెట్టి, అంకె నిలబడేదాకా చూశాడు.

"నా కొడుకు చేతిల పోయిన మీటర్లు నీ లెక్కలనే వస్తయి బిడ్డా," అన్నాడు. "పో, షిఫ్టు టైమైతాంది."